గుమ్మానికి కట్టిన కలబంద

ఏంది వాణీ, కత్తి పట్టుకొని కుర్చీ ఎక్కినవ్? ముఖానికి రాసుకుంటవా? కుండీలది కోసుకో బిడ్డా, గుమ్మానికి ఏలాడేదాన్ని ముట్టకు. దిష్టి అని కాదు, అది సైదమ్మ జ్ఞాపకం. మన గల్లీ ముసలామె, నువ్వు గౌన్లు తొడుక్కునేటప్పుడే పోయింది. తల్లి రొమ్ముకు గింత కలబంద చేదు పూసి సరూర్‌నగర్ల సగం మందికి పాలు మాన్పించింది. నాకు గూడ. అందుకే కలబంద చూస్తే ఇప్పటికీ నా మూతి ముడుచుకుంటది. ఏం చెప్తున్న? ఆఁ, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నాటి మాట. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద వంటావార్పు పెట్టినం, అక్కడనే వండుడు, అక్కడనే తినుడు. అన్నం నేనే వారుస్తనని మొండికేసిన. గిన్నె జారి మరిగే గంజి పాదం మీద పడ్డది. మందుల దుకాణమేమో పొద్దుగాల నేనే మూయించిన! గల్లీలకు మోసుకొస్తే సైదమ్మ, "పాలు మానిననాడు గూడ గింత ఏడ్వలేదు గదరా!" అన్నది. ఆకు కావాలె. ఆమె పెరడేమో అప్పటికే అపార్ట్‌మెంటయింది. గల్లీ మొత్తంల ఒక్కటే మొక్క, ఎదురింటి మల్లికార్జునరావు గుమ్మానికి, వేళ్లు పైకి, ఆకులు కిందికి. గుంటూరోళ్లు. ర్యాలీలు షురువైన రోజే కట్టిండు. దిష్టి ఎవలది మరి? మాదే! సైదమ్మ తలుపు కొట్టింది. ఆయన గొలుసు తియ్యకుండనే, "అది తీస్తే ఎలాగండీ, సాయంత్రం ఊరేగింపు ఇటే వస్తుందట" అన్నడు. "గా మొక్క ఉంటే ర్యాలీ ఆగుతదా అయ్యా?" "ఆగదు గానీ, అదో ధైర్యమండీ." "అయితే నీ కలబంద నాకియ్యి. దాని జాగల నేను కూసుంట." లోపటి నుంచి ఆయన భార్య వేదవతమ్మ, "ఇచ్చేయండీ, పాపం" అన్నది. ఆయనే స్టూలెక్కి విప్పిండు. సైదమ్మ రెండాకులు కోసి, నిలబెట్టి, పసుపు జిగురంత కారనిచ్చి, లోపటి గుజ్జు పెట్టింది. సల్లగ... మంట దిగింది. మచ్చ మాత్రం ఉన్నది, ఇగో. సాయంత్రం నేను మన అరుగు మీద కాలు చాపుకొని చూస్తున్న. ర్యాలీ వచ్చింది. రావు గుమ్మంల సైదమ్మ, ఆకు వక్క నములుకుంట. జెండా పట్టిన చక్రపాణి ఆ ఇంటి ముందటే ఆగి గొంతు పెంచిండు. ఈమె లేవలే. "ఏమ్రా చక్రపాణీ, నీకు పాలు మాన్పించింది ఎవలురా?" అన్నది, గంతే. అందరూ నవ్విన్రు. వాడు తల వంచుకొని ముందుకు నడిచిండు. తెల్లారి నేను మిగిలిన మొక్క తిరిగిస్తే వేదవతమ్మ, "మీ దగ్గరే ఉంచండి బాబాయిగారూ, మాకు సైదమ్మగారున్నారుగా" అన్నది. ఇగ ర్యాలీ ఉన్న రోజల్లా ఆ గుమ్మంల సైదమ్మ, చేతిల స్టీలు గ్లాసు, కాఫీ. చేదున్నదని తిట్టుకుంటనే తాగేది. ఆమె పోయిన పొద్దుగాల గూడ వేదవతమ్మ అలవాటున గ్లాసు తెచ్చి గుమ్మంల పెట్టింది. పెట్టి, అట్లనే నిలబడ్డది...

దిగు బిడ్డా, దిగు. కుండీలది కోసుకో. పసుపు కారనియ్యి ముందు, లేకుంటే దురద పెడ్తది.