అమ్మ ప్లేయరును బతికించిన చేతులు

"పెద్ద పనేం కాదులెండి," అని మొదలుపెట్టాడు దర్జీ, టీ గ్లాసు బల్ల మీద పెట్టి. "మా అమ్మ పాటల ప్లేయరు లేదూ, దాన్ని బాగుచేశా. అమ్మకు చూపు లేదని మీకు తెలుసుగా. మా అక్క ఒక నవల మొత్తం చదివి అందులో రికార్డు చేసిచ్చింది. తర్వాత అక్కకు గొంతు ఆపరేషనైంది, ఇక చదవలేదు. పద్నాలుగో అధ్యాయం దాటగానే ప్లేయరు బిగుసుకుపోయేది. ఆ రికార్డింగు బయటికి తీద్దామన్నా రాదు. 'తర్వాత ఏమైందిరా?' అని అమ్మ రోజూ అడిగేది. దాన్ని లోపల నడిపే ప్రోగ్రాం పాతబడిందట, అదే, ఫర్మ్‌వేర్. కొత్తది ఎక్కించాలంటే విండోస్ కంప్యూటరే కావాలట. మధ్యలో తేడా వచ్చిందా, అక్క గొంతు గల్లంతే!"

"మీ ఇంట్లో ఉన్నది లినక్స్ కదా?" అన్నాడు టీకొట్టాయన.

"విండోస్ లేకపోతేనేం, నేను లేనూ? ఉన్న కంప్యూటర్లోపలే ఇంకో కంప్యూటర్ పుట్టించి, అందులో విండోస్ పెట్టా. దాని కడుపులో ఇంకోటి, దాని కడుపులో ఇంకోటి, ఉల్లిపాయ పొరల్లా ఏడు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? కంపెనీ నుంచి ఫోను. నలభైమంది ఇంజనీర్లు వరసగా నిలబడి, 'అయ్యా, కాస్త నెమ్మదిగా కానివ్వండి, మా ఫ్యాక్టరీలో దీపాలు ఆరిపోతున్నాయి' అని ఒకటే బతిమాలడం."

"నలభైమందీ ఒకే ఫోన్లోనా?" అన్నాడు ప్లంబరు.

"వంతులవారీగా! ఇంకా విను. నేను మీట నొక్కానో లేదో, వీధిలో మూలపడ్డ రేడియోలన్నీ ఒక్కసారిగా పాడాయి. ఎదురింటి చెవిటి కుక్క తాళం తప్పకుండా మొరిగింది!"

వెనక బెంచీ మీద జిరాక్సు షాపు ఆవిడ ఎప్పుడొచ్చిందో, టీ ఊదుకుంటూ అడిగింది.

"అన్నయ్యా, ఆ ఏడు కంప్యూటర్లలో నాది ఎన్నోది?"

దర్జీ గబుక్కున టీ గ్లాసు అందుకున్నాడు.

"ప్లేయరు పట్టుకుని మీరొచ్చింది నా షాపుకే కదా. నాదీ లినక్సే. అందులోనే విండోస్ నడిపాను. అప్‌డేట్ మొదలవగానే ప్లేయరు పేరు తెర మీది నుంచి మాయమైంది. నిజానికి అది తనంతట తానే ఆగి మళ్లీ మొదలవుతోంది, మొదలయ్యాక దాన్ని లోపలి విండోస్‌కు మళ్లీ కలపాలి, అంతే. మీరేమో 'చచ్చిందమ్మోయ్' అంటూ తీగ పీకబోయారు. మీ చెయ్యి పట్టుకుని ఆపిందెవరు?"

బెంచీలన్నీ గొల్లుమన్నాయి. దర్జీ నవ్వలేదు. లేచి ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నువ్వే, చెల్లెమ్మా. పీకేసుంటే జన్మలో అమ్మకు మొహం చూపించలేకపోయేవాణ్ణి."

"సరేలెండి. పదిహేనో అధ్యాయం విన్నారా ఆవిడ?"

"నిన్న మొత్తం వింది. విని, బాగుచేసిందెవర్రా అంది. నేనే అన్నా. నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది." అతని గొంతు తగ్గింది. "అప్పట్నుంచి ఈ చేతుల్తో సూదిలో దారం కూడా ఎక్కట్లేదు. ఆ మర్యాద నీకు దక్కాల్సింది. టీ తాగేసి ఒక్కసారి ఇంటికి రామ్మా. నీ ముందే అమ్మకు నిజం చెప్తా."