వరండాకి కొత్త రంగు

అయోవాలో జులై ఉదయం. వెనక వరండా మెట్ల మీద భార్యాభర్తలిద్దరూ మొక్కజొన్న పొత్తులు ఒలుస్తున్నారు. ఆమె ఆ రాష్ట్ర గవర్నరు. ఆమె ఫోను ఇద్దరి మధ్యా బోర్లా పడి ఉంది.

"ఉపాధ్యక్ష పదవికి మన పార్టీవాళ్లు ఎవర్ని నిలబెడతారంటావ్?" అన్నాడాయన.

"టీవీలో ఆ ఒహాయో సెనేటర్ పేరే చెబుతున్నారు."

"వాడా! నిరుడు మన జాతరకొచ్చి, వెన్నతో చేసిన ఆవు బొమ్మని చూసి ప్లాస్టిక్‌దా అనడిగాడు. వాడికిక్కడ ఒక్క ఓటు రాలదు."

"పోనీ, ఆ అరిజోనా జడ్జి?"

"ఆయన నవ్వితే పన్ను నొప్పేమో అనిపిస్తుంది. ఇంకెవరూ లేరా?"

"నాకు తెలిసి లేరు."

"చాల్లే. వారం నుంచీ ఫోనొస్తే చాలు, కోళ్లగూడు వెనక్కెళ్లి మాట్లాడుతున్నావ్. కోళ్లకి తెలిసింది నాకు తెలీదా?"

ఎంత గుట్టుగా దాచాననుకుందో! ఆమెకి నవ్వూ సిగ్గూ కలిసి వచ్చాయి.

"ఎవరికీ చెప్పొద్దన్నారు. అయినా నన్ను నిలబడమని అడిగితే కాదనేస్తాను. నీ గుండె ఆపరేషనై ఏడాదైనా కాలేదు. నిన్నిక్కడొదిలి ఊరూరా తిరగనా?"

"ఈ వరండాకి రంగేసిందెవరు?"

"నువ్వే. నిచ్చెనెక్కొద్దంటే విన్నావా?"

"ఎందుకేశాననుకున్నావ్? నువ్వు సరేననగానే టీవీవాళ్లంతా ఇక్కడే దిగుతారు. పెచ్చులూడిన ఇల్లు దేశమంతా చూస్తే నా పరువేం కాను?"

ఫోను మోగింది. అలవాటుగా లేవబోయింది ఆమె.

ఆయన ఆమె చేతిలోని పొత్తు అందుకున్నాడు.

"కూర్చో. కోళ్ల దగ్గరికెందుకు? ఇక్కడే మాట్లాడు."