పాట మానేసిన దొరగారు

ఆ, అలాగే కూర్చో! వారం నించీ మూతి ముడుచుకునే ఉన్నావు, ఇంకాసేపు కూర్చుంటే కొంపలేం మునగవులే. కాళ్లు మాత్రం పైకి పెట్టు రహమీం, తడిగుడ్డ పెట్టాలి.

ఇదుగో, కుబ్బేలు అయిపోయాయి, లోపల ఖైమా కూరి ఉండలు చుట్టేసరికి నా నడుం పోయింది. బీట్‌రూట్ పులుసులోనే వేశాను, నీకిష్టమని. ఏం, వాసన రావట్లేదూ? వస్తోందిలే, నీ ముక్కు చూస్తే తెలుస్తోంది.

ఇంతకీ మన మనవరాలు ఏం తప్పందని? యూనివర్సిటీలో పాత హీబ్రూ చదువుతోంది పిల్ల. పోయిన శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర నువ్వు పాట ఎత్తుకున్నావు. పెళ్లాన్ని పొగుడుతూ మనలో ప్రతి మొగుడూ పాడేదేగా! 'బఅల్' అన్న చోటికి రాగానే అవిగయిల్ అందుకుంది. "తాతా, ఆ మాటకి మొగుడనే కాదు, యజమాని అని కూడా అర్థం. ఇంటికీ, ఎద్దుకీ, పెళ్లానికీ ఒకటే మాట!" అంది. అంతే, సగంలో ఆపేశావు. ఇవాళ పొద్దున మన కూతురికి ఫోన్ చేసి, ఇక ఆ పాట పాడనన్నావట. నాతో చెప్పడానికి నోరు రాలేదా?

యజమానట, యజమాని! ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలీని యజమాని! పుదీనా తెమ్మంటే పాలకూర తెచ్చే దొరగారు! వెనకటికి ఆ పేరుతోనే ఒక విగ్రహం ఉండేదట, తెలుసా? కదలదు, మెదలదు, ఎంత పిలిచినా పలకదు. నిన్ను చూసే చెక్కారేమో!

నవ్వొస్తే నవ్వు, బిగబట్టకు. గుండెకి మంచిది కాదు.

గుండె అంటే గుర్తొచ్చింది. మొన్న చలికాలం నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు నీ బదులు అల్లుడు పాడాడు. అబ్బ, ఏం గొంతనుకున్నావు! నీలా శ్రుతి తప్పలేదు. అందరూ ఆహా అన్నారు. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

ఎందుకో చెప్పనా? ఆ మాట దగ్గర అతను కంచంలోకి చూస్తూ పాడేశాడు. నువ్వలా కాదు. పెళ్లైన మొదటి శుక్రవారం నించీ అక్కడికి రాగానే గొంతు తగ్గిస్తావు. తలెత్తి నా వంక చూస్తావు, అనొచ్చా అని అడుగుతున్నట్టు. నేను తలూపితేనేగా ముందుకెళ్తావు! ఎద్దునెవరైనా అలా అడుగుతారటయ్యా?

అదుగో, సబ్బాతు సైరన్! జెరూసలేం అంతా దీపాలు పెట్టేస్తోంది. పొద్దుగూకితే విశ్రాంతి దినం, ఇక అగ్గిపుల్ల గీయకూడదు, నీకూ తెలుసు. పాడతానంటేనే వెలిగిస్తాను.

నవ్వులాటకి కాదు, నిజంగానే చెబుతున్నా. నాకు యజమాని అక్కర్లేదు. ఎప్పుడూ లేడు కూడా. కానీ ఆ చూపు లేకపోతే నాకది శుక్రవారమే కాదు, రహమీం.

ఏంటీ, గొంతు సవరించుకుంటున్నావా? ఇప్పుడే కాదయ్యా! ముందు నన్ను దీపాలు పెట్టనీ. నువ్వెళ్లి ఆ తెల్ల చొక్కా వేసుకో.

ఎక్కడుందా? అయ్యో, నా యజమానీ!