నేతాయన చేతిలో నాలా గేటు

నీలం నగర్ నాలాకు కొత్తగా కట్ట కట్టి, నీళ్ళు వీధిలోకి రాకుండా గేటు పెట్టారు. దాని చక్రం తిప్పే పని ఎదురింట్లో మగ్గం నేసే నేతాయనకు అప్పజెప్పారు. మొదటి పెద్ద వానకే నీళ్ళు ఇంటి గడప తాకేసరికి ఆయన కట్ట ఎక్కి చక్రం పట్టుకున్నాడు, భార్య వెనకే ఉరికింది. ఇంట్లో మగ్గం గుంత మీద సగం నేసిన చాదర్ ఉంది.

"గేటు దించమంటే లేపుతున్నవేందయ్యా!"

"దించుతున్ననే. జరా సబర్ చెయ్."

"చక్రం అటు తిప్పు, అటు!"

"పెండ్లి కాకముందు సంది మగ్గం మీద నా దిక్కే తిప్పుతున్న. బట్ట చుట్టుకోలేదా?"

"అది బట్ట, ఇది నాలా!"

"ఎన్కకు తిప్పితే చేసిన పనంతా ఖరాబైతది."

"మగ్గం గుంతల నీళ్ళు దిగుతయ్, చాదర్ పోతది!"

"అందుకే జోరుగ తిప్పుతున్న!"

మగ్గం మీద ఆయన చెయ్యి వెనక్కి తిరిగేది ఎప్పుడో ఆమెకు తెలుసు. గొంతు చించుకుని అరిచింది.

"పోగు తప్పింది!"

తప్పిన నేతను విప్పడానికన్నట్టు ఆయన చెయ్యి తనంతట తానే చక్రాన్ని వెనక్కి తిప్పింది. గేటు కిర్రుమంటూ దిగసాగింది.

"ఇంకా విప్పు, ఇంకా!"

"ఎన్ని పోగులే?"

"అన్నీ!"

గేటు నేలకు ఆనింది. నీళ్ళు గడప దగ్గరే ఆగిపోయాయి. ఆయన కట్ట మీది నుంచి నాలాలోకి వంగి చూశాడు.

"ఏడ తప్పినయే?"