పిలిస్తే వచ్చిన రోడ్డు

కుట్టుమిషన్లు బాగుచేసే మామయ్య నోరు ఆయన చేతికింద మిషన్ల లాంటిదే. ఒకసారి తిరగడం మొదలుపెడితే దారం అయిపోయేదాకా ఆగదు. ఆ రోజు మాత్రం ఆయన తొందరపడుతున్నాడు. సాయంత్రం అయిదింటికి ఎన్నికల ప్రచారం ఆఖరు. ఆ తర్వాత మైకులన్నీ మూగబోవాల్సిందే.

శాసనసభకి నిలబడింది ఆయన చెల్లెలి కూతురు. మొదటిసారి నిలబడడం, చిన్నపిల్ల. నిన్నమొన్నటిదాకా ఒక క్లినిక్కులో కౌంటరు వెనక కూర్చుని, వచ్చినవాళ్ళని వరసగా లోపలికి పిలిచే ఉద్యోగం చేసేది. వెనక పార్టీ లేదు, చేతిలో డబ్బు లేదు. ఉన్నదల్లా ఒక అద్దె వ్యాను, కీచుమనే మైకు, ఈ మామయ్య.

"మామయ్యా, బస్టాండు రోడ్డులో ఎడమవైపు వాళ్ళని నీకొదిలేస్తున్నా" అంది ఆ పిల్ల ప్రచారం మొదట్లోనే, అప్పటికే అరిచి అరిచి పూడుకుపోయిన గొంతుతో. "ఆ వైపు మొగ్గితేనే మనం గట్టెక్కేది. ఉన్నదున్నట్టు చెప్పు, చాలు."

మామయ్య మొదటి రెండు ముక్కలూ మనసుకి పట్టించుకున్నాడు. మూడోది ఆయన చెవుల్లోకి పోలేదు.

ఆనాటినుంచీ రోజూ ఆ రోడ్డులో టీ కొట్టు బెంచీమీదే ఆయన మకాం. వినడానికి ఒక ప్లంబరు, ఒక రిటైరైన మాస్టారు, ఇంకా టీకి వచ్చి ఇరుక్కుపోయిన నలుగురూ. మాస్టారు దేన్నీ నమ్మే రకం కాదు. ప్లంబరు దేన్నైనా నమ్మే రకం. కొట్టు నడిపే ఆవిడ టీ వడపోస్తూ అన్నీ వింటుందేగానీ మాట్లాడదు. ఆఖరిరోజునా అక్కడే చేరాడు మామయ్య.

"దాని జ్ఞాపకం సంగతి చెబుతున్నా కదా మాస్టారూ," మామయ్య గ్లాసు పక్కన పెట్టాడు. "క్లినిక్కులో అందరికీ టోకెన్లిస్తారా, మా పిల్ల ఏనాడూ నంబరు పెట్టి పిలవలేదు. పేరు పెట్టి పిలుస్తుంది. ఎప్పుడో జ్వరమొచ్చి ఒక్కసారి వెళ్ళిన మనిషి, గడ్డం పెంచుకుని ఏళ్ళ తర్వాత మళ్ళీ వెళితే, 'ఏం బాబాయ్, ఆ పుచ్చుపన్ను పీకించుకున్నావా' అంది. ఆయన నోరు తెరిచి చూపించాడు. పీకించుకున్నాడు!"

"అబ్బో!" అన్నాడు ప్లంబరు.

"ఇందులో అబ్బో ఏముంది? ఆడపిల్లలకి ఆ మాత్రం గుర్తుంటుంది" అన్నాడు మాస్టారు.

"ఉంటుందండీ, కాదన్నానా? మొన్న మీటింగులో కరెంటు పోయింది. కళ్ళు పొడుచుకున్నా కనబడని చీకటి. ఇంకొకరైతే మీటింగు చాలించి వెళ్ళిపోదురు. ఇది కదల్లేదు. చీకట్లో ఎవరు దగ్గితే వాళ్ళని పేరుతో పలకరించడం మొదలుపెట్టింది. అంతటితో అయిందా? 'వెనకాల దగ్గు ఆపుకుంటున్న పెద్దనాన్నా, ఇంకా తగ్గలేదా?' అనడిగింది. అదీ ఆశ్చర్యం!"

"ఆపుకున్న దగ్గు ఎలా వినబడిందయ్యా?"

"అదే కదా నేనూ అంటున్నది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక ముసలాయన, పాపం, ఇంట్లోంచి బయటికొచ్చి ఎందుకొచ్చాడో మర్చిపోయాడు. ఇల్లెక్కడో మర్చిపోయాడు. తన పేరే మర్చిపోయాడు. నడిరోడ్డుమీద అలా నిలబడిపోయాడు. మా పిల్ల వ్యాను ఆపించి దిగి, ఆయన చెయ్యి పట్టుకుని, 'తాతయ్యా, మీ పేరిది, మీ ఇల్లు ఆ మలుపులో నీలం తలుపు, మీరు సబ్బు కొనడానికొచ్చారు' అంది. ఆయన సబ్బు కొనుక్కుని ఇంటికెళ్ళాడు."

మాస్టారు గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. ఆయనకీ ఈమధ్య కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతకడం మామూలైంది.

"అంతే, ఊరంతా పాకింది. తాళాలెక్కడ పెట్టామని అడిగేవాళ్ళు, కళ్ళజోడెక్కడ పోయిందని అడిగేవాళ్ళు, వంతెన దాకా బారు తీరారు. ఇద్దరన్నదమ్ములు వచ్చారు. మాటల్లేక ఎన్నేళ్ళయిందో, అసలెందుకు పోట్లాడుకున్నారో ఇద్దరికీ గుర్తులేదు. మానేద్దామంటే ఏం మానెయ్యాలో తెలియదు. మా పిల్ల చెప్పింది. ఒక దుప్పటి గురించట! విని, ఇద్దరూ నవ్వలేక ఏడ్చి, కావలించుకుని వెళ్ళారు."

"దుప్పటి ఎవరు తీసుకున్నారు చివరికి?" ప్లంబరుకి అది తేలాలి.

"వదిలెయ్యవయ్యా దుప్పటిని! ఆ బారులో ముఖానికి తువ్వాలు చుట్టుకుని ఎవరు నిలబడ్డారో చెప్పు చూద్దాం. ఇప్పుడున్న ఎమ్మెల్యే! వంతు వచ్చేదాకా నిలబడి, చేతులు కట్టుకుని, 'అమ్మా, పోయినసారి నేను ఏమేం చేస్తానని మాటిచ్చానో కాస్త చెబుతావా, మళ్ళీ అవే ఇచ్చుకోవాలి' అన్నాడు. మా పిల్ల పొద్దున్న మొదలుపెట్టి పొద్దుగూకేదాకా అప్పజెప్పింది. సగం వినేసరికి ఆయన కూలబడ్డాడు. 'ఇన్ని అన్నానా తల్లీ!' అని ఒకటే ఏడుపు."

ఈసారి మాస్టారు కూడా నవ్వాడు. నవ్వినందుకు తనమీద తనకే కోపం వచ్చినట్టు మొహం అటు తిప్పుకున్నాడు.

"అందులో ఒక రోడ్డుంది" అన్నాడు మామయ్య, గొంతు తగ్గించి. అందరూ ముందుకి వంగారు. "బడికి వెళ్ళే రోడ్డు. ఎన్ని ఎన్నికలనుంచో నోటిమాటల్లోనే ఉండిపోయింది. దానికి పేరు కూడా పెట్టారు, రోడ్డొక్కటే లేదు. మా పిల్లకి ఆ పేరు గుర్తుంది. గట్టుమీద నిలబడి, క్లినిక్కులో పిలిచినట్టే, గట్టిగా పిలిచింది. ఒకసారి పిలిచింది, లేదు. రెండోసారి పిలిచింది, కొండ అవతల దుమ్ము లేచింది. మూడోసారికి వచ్చేసిందండీ! నల్లగా, నున్నగా, వంకర్లు తిరుగుతూ, 'కాస్త ఆలస్యమైంది, ఏమనుకోకండి' అన్నట్టు ఒదిగి వచ్చి, బడి గుమ్మంముందు పడుకుంది. వెనకాలే స్పీడు బ్రేకర్లు, ఒకదాని తర్వాత ఒకటి, ఆయాసపడుతూ!"

ప్లంబరు చేతిలో టీ చల్లారిపోయింది. "ఎంత పిల్ల, ఎంత పిల్ల" అన్నాడు, తనలో తనే.

"అదీ మా పిల్ల. ఎల్లుండి మీ ఓట్లన్నీ దానికే పడాలి మరి!"

టీ కొట్టావిడ వడపోత ఆపింది.

"అన్నయ్యా, ఇన్ని గుర్తున్న పిల్ల నీకొక్కటి చెప్పలేదా?"

"ఏంటి చెల్లెమ్మా?"

"మాకెవరికీ అక్కడ ఓటు లేదు. ఈ రోడ్డు మధ్యలోనే నియోజకవర్గం మారుతుంది. మాది వేరే సీటు. మీది అదుగో, ఎదురుగా."

"ఎడమవైపన్నదే!"

"మీ పిల్ల ఇంటినుంచి వస్తే ఎడమవైపు అదే. నువ్వు బస్టాండులో దిగి ఆ కొసనుంచి వస్తావు. నీకు మేము ఎడమ."

మామయ్య రోడ్డుకి ఇటూ అటూ చూశాడు. "ఇన్నాళ్ళూ చెప్పొద్దూ, తల్లీ?"

"ఇన్నాళ్ళూ నీ కథ ఓటు అడిగేదాకా రాలేదు కదన్నయ్యా. ఊసుపోక చెబుతున్నావనుకున్నాం."

ఆయనకి ఆ పిల్ల గొంతు గుర్తొచ్చింది, పూడుకుపోయి, గరగరలాడుతూ. ఆమె తిరగని వీధి లేదు. ఆ ఒక్క వైపూ తనని నమ్మి వదిలేసింది. మొహం మాడిపోయి, లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

ప్లంబరు లేచి బెంచీ ఒక కొస ఎత్తాడు. "మాస్టారూ, ఆ కొస పట్టండి."

"ఎక్కడికి?"

"అటు."

"మనకక్కడ ఓటు లేదు కదయ్యా!"

"చెవులున్నాయిగా."

మాస్టారు గొణుక్కుంటూనే పట్టాడు. వ్యాన్లూ లారీలూ హారన్లు కొడుతూ ఆగాయి. ముందు బెంచీ, వెనక మామయ్య, ఆ వెనక కెటిలు పట్టుకుని టీ కొట్టావిడ, అందరూ రోడ్డు దాటారు.

అటువైపు మంగలి షాపు. సగం గడ్డం గీసిన మనిషొకడు కుర్చీలో తల తిప్పి చూశాడు. ఇద్దరు ముగ్గురు వంతు కోసం ఎదురుచూస్తున్నారు. మెట్టుమీద ఒక పెద్దావిడ కూర్చుంది, లోపల మనవడికి క్రాపు అవుతోంది.

మామయ్య బెంచీ ముందు నిలబడ్డాడు. దగ్గూ, దుప్పటీ, తువ్వాలూ, ఒక్కటీ నాలుకమీదికి రాలేదు.

"మా మేనకోడలండీ" అన్నాడు. "నిలబడింది. క్లినిక్కులో... పేర్లు పిలిచేది."

"ఆ రోడ్డు సంగతి చెప్పవయ్యా!" అన్నాడు మాస్టారు. షాపులోకి తిరిగి, "నా కళ్ళతో చూశానండీ, నా కాళ్ళ పక్కనుంచే వెళ్ళింది!"

షాపంతా ఘొల్లుమంది. పెద్దావిడ మాత్రం నవ్వలేదు.

"కౌంటరు వెనక కూర్చునే పిల్లా? ఒంటి జడ?"

"అవునమ్మా."

"కళ్ళు చూపించుకోడానికి వెళ్ళాను. పేరు పెట్టి పిలిచింది. ఎవరినో అనుకుని నేను లేవలేదు." ఆవిడ చీర కొంగు సర్దుకుంది. "ఇంట్లో నేను అమ్మని, అత్తని, నాయనమ్మని. నా పేరు ఎవరూ అనరు. నాకే చెవికి కొత్తగా అనిపించింది. మళ్ళీ పిలిచింది, నావైపే చూసి. అప్పుడు లేచాను." మామయ్యవైపు తిరిగి, "ఆ పిల్ల నిలబడిందని ఎవరూ చెప్పలేదే!" అంది.

మామయ్య అంతకంటే పెద్దది ఒకటి చెబుదామని వెతుక్కున్నాడు. దొరకలేదు. "మీ పేరేంటమ్మా?" అని మాత్రం అడిగాడు.

"నన్నడుగుతావేం? మీ పిల్లని అడుగు."

మలుపులో మైకు కీచుమంది. వ్యాను వచ్చి షాపు ముందు ఆగింది. ఆ పిల్ల దిగింది, దుమ్ముకొట్టుకుపోయి, మొహం వాడిపోయి. మామయ్య నోరు తెరిచేలోపే ఆమె చూపు బెంచీమీదుగా జరిగి మెట్టుమీద ఆగింది. పెదవులు కదిలాయి. గొంతు పూర్తిగా పోయింది, గాలి తప్ప ఏమీ బయటికి రాలేదు. ఏమందో పక్కనున్న ప్లంబరుకి కూడా వినబడలేదు.

పెద్దావిడ మోకాలిమీద చెయ్యి ఆన్చి లేచింది.

"ఆఁ, వస్తున్నానమ్మా" అంది.

"తర్వాత?" అన్నాడు మాస్టారు గుసగుసగా, అలవాటుకొద్దీ.

మామయ్య నోరు తెరిచాడు. మళ్ళీ మూసేశాడు.