చిన్న కుర్చీల గది

సభకు అధ్యక్షత వహిస్తున్న ప్రిన్సిపాల్ గారికి, పాఠశాల కమిటీ పెద్దలకు, ఇన్నేళ్ళు నన్ను భరించిన ఉపాధ్యాయ మిత్రులకు, పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు, క్లాసులు తప్పాయని సంతోషంగా వచ్చిన పిల్లలకు నమస్కారం.

క్లుప్తంగా మాట్లాడమని చీటీ పంపారు. నన్ను ఎరిగినవాళ్ళకు ఆ భయం అక్కర్లేదు. ఈ బళ్ళో నా అసలు పేరు చెబితే ఎవరికీ తెలియదు. 'ఊఁ సార్' అంటే గేటు దగ్గరి వాచ్‌మన్ కూడా నా గదికి దారి చూపిస్తాడు. (నవ్వులు.) ఎవరేం చెప్పినా నేను 'ఊఁ' అంటానని పిల్లలు పెట్టిన పేరది. అయిదో తరగతిలో ఒకమ్మాయి నన్ను అనుకరిస్తుంది. నాకంటే బాగా చేస్తుంది.

నేను ఇవాళ ఒక పని మీద ఈ మైకు ముందుకు వచ్చాను. అలాంటిది చివరిదాకా దాచుకోవడం వక్తల అలవాటు. నేను ముందే చెప్పేస్తాను. నేను రిటైరై వెళ్ళాక నా గదిని పరీక్ష పేపర్లు పెట్టుకునే గదిగా మారుస్తారనీ, నా స్థానంలో వస్తున్న కొత్త సైకాలజిస్టుకు స్టాఫ్ రూములో కిటికీ పక్కన ఒక బల్ల వేస్తారనీ విన్నాను. ఆ గది ఆమెకు కావాలి. మిగతా ప్రసంగమంతా అందుకే.

నేను చేరిన కొత్తలో బళ్ళో సైకాలజిస్టు ఏం చేస్తాడో ఇక్కడ ఎవరికీ తెలియదు. నాకూ సగమే తెలుసు. మొదటి వారం డ్రిల్లు మాస్టారు వచ్చి, ప్యాంటు పైకి మడిచి మోకాలు చూపించారు. నేను ఆ డాక్టర్ని కాదన్నాను. మరి ఏ డాక్టరని అడిగారు. అసలు డాక్టర్నే కాదంటే, అనవసరంగా చూపించానని నొచ్చుకుని వెళ్ళిపోయారు. అదిగో, మూడో వరసలో ఉన్నారు, ఇంకా నొచ్చుకునే ఉన్నారు. (నవ్వులు.) అప్పటి హెడ్మాస్టారు, కిటికీ అద్దం పగిలిన రోజున, ఏడో తరగతి మొత్తాన్ని వరండాలో నిలబెట్టి, ముఖాలు చూసి పగలగొట్టినవాణ్ణి పట్టి ఇమ్మన్నారు. ఇక లెక్కల మాస్టారు ఒక పిల్లవాణ్ణి నా దగ్గరికి పంపుతూ, 'వీణ్ణి బాగుచేసి మూడో పీరియడ్‌కల్లా పంపగలరు' అని కబురు చేశారు, సైకిలుకు పంక్చరు వేయించడానికి పంపినట్టు. మాస్టారూ, మీరు నవ్వకూడదు, ఆ కబురు మీదే.

నేను చేసిందల్లా ఒక పూట ఆ పిల్లవాడి పక్కన వెనక బెంచీలో కూర్చోవడం. వాడికి బోర్డు కనిపించడం లేదు. కళ్ళజోడు వచ్చింది, లెక్కలూ వచ్చాయి. మా పనిలో సగం ఇదే. మనసు దాకా వెళ్ళే ముందు పిల్లలకు కళ్ళు, చెవులు, నిద్ర సరిగా ఉన్నాయో లేదో చూడటం, చదువు ఎక్కడ తడబడుతోందో పరీక్షలు పెట్టి తెలుసుకోవడం, ఆ తర్వాత టీచరుకీ ఇంట్లోవాళ్ళకీ అర్థమయ్యే మాటల్లో చెప్పడం. మిగతా సగం ఊరుకోవడం. ఎక్కువ శిక్షణ కావలసింది దీనికే.

పిల్లలతో కబుర్లు చెప్పడానికి శిక్షణ ఏమిటని కమిటీలో ఒక పెద్దాయన అడిగారు. పై చదువు అయ్యాక, అనుభవమున్నవాళ్ళ కింద ఏదో ఒక బళ్ళో పనిచేయాలి. పిల్లలతో మనం మాట్లాడినదంతా టేపు చేసి వాళ్ళకు వినిపించాలి. మా గురువుగారు నెమ్మదైన మనిషి. నా మొదటి టేపు ఆసాంతం విని, "బాగుంది. ఇందులో పిల్లవాడు ఎక్కడున్నాడు?" అన్నారు. ప్రశ్న నేనే వేశాను, జవాబు నేనే చెప్పాను, వచ్చినందుకు వాడి తరఫున సంతోషం కూడా నేనే తెలియజేశాను. అడిగాక ఆగడం నేర్చుకుని రమ్మని పంపించారు.

ఆగడం ఎవరి మీద నేర్చుకోవాలి? ఇంట్లో మా ఆవిడ ఉంది. ఆ సాయంత్రం ఎదురుగా కూర్చుని, ఇవాళ నీకెలా గడిచిందని అడిగి, ముఖంలోకి చూస్తూ ఆగాను. ఆమె చేతిలో పని ఆపి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఏం పగలగొట్టారు?" అంది. (నవ్వులు.)

నేను మాట్లాడలేదు. శిక్షణ కదా.

"మీ అక్కయ్య వస్తోందా? ఎన్నాళ్ళుంటుందట?"

అప్పటికీ మాట్లాడలేదు. ఆమె చెయ్యి తుడుచుకుని వచ్చి కూర్చుంది. చాలాసేపటికి, చదువు మధ్యలో మానేసినందుకు తనకు ఇంకా బాధగానే ఉందని చెప్పింది. అంతవరకు ఆ మాట మా మధ్య రాలేదు. మరుసటి ఏడు కాలేజీలో చేరింది. డిగ్రీ వచ్చాక, ఇది నాది కాదు, మీ టేపుల గురువుగారిది అనేది.

నా గదిలోని చిన్న కుర్చీలు కూడా ఆమె పుణ్యమే. మొదట్లో నాకొక పెద్ద బల్ల, చక్రాల కుర్చీ ఇచ్చారు. ఆమె ఒకసారి గది చూడటానికి వచ్చి, పిల్లలు కూర్చునే వైపు కూర్చుని, "ఇక్కణ్ణుంచి చూస్తే మీరు బ్యాంకు మేనేజరులా ఉన్నారు. అప్పు అడగబుద్ధి అవుతోంది గానీ కష్టం చెప్పుకోబుద్ధి కావడం లేదు" అంది. మర్నాడే బల్ల పంపించేసి, ఒకటో తరగతి నుంచి రెండు చిన్న కుర్చీలు తెచ్చుకున్నాను. నా పొడుగుకు ఆ కుర్చీలో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. అయితేనేం, ఆ గదిలో ఎవరూ ఎవరినీ తల ఎత్తి చూడనక్కర్లేదు.

ఆ గదిలోకి నాలుగో తరగతి చదివే ఒక పాప వచ్చింది. ఇంట్లో మాట్లాడుతుంది, బళ్ళో నోరు విప్పదు. తలుపు వేసుకుని ఇద్దరం బొమ్మలు గీసుకునేవాళ్ళం. నేను అడగను, తను చెప్పదు. అలా వారాలు గడిచాయి. ఒకరోజు ఆ పిల్ల పెన్సిలు కింద పెట్టి, జాలిగా నా చెయ్యి పట్టుకుని, "సార్, మీకు మాటలు రావా?" అంది. (నవ్వులు, చప్పట్లు.) ఆ రోజు నుంచి నాకు మాటలు నేర్పే బాధ్యత తీసుకుంది. ఏడాది తిరక్కముందే వాళ్ళ క్లాసు టీచరు వచ్చి, దీన్ని మళ్ళీ ఎప్పటిలా చేయడం కుదురుతుందా అని అడిగారు. స్టాఫ్ రూములో, కాఫీ కప్పుల చప్పుడు మధ్య, ఆ పాప ఆ మాట అనేదా? మీరే చెప్పండి.

కొత్త సైకాలజిస్టు నా దగ్గరే శిక్షణ పొందింది. పిల్లల్ని గమనించడానికి వెనక బెంచీలో కూర్చుంటే, లెక్కల మాస్టారు చూసుకోక హోంవర్కు అడిగి నిలబెట్టారు. ఆమె లేచి నిలబడింది కూడా. (నవ్వులు.) కూర్చున్న చోట కలిసిపోవడం వచ్చింది, ఆగడం వచ్చింది. ఇక ఆమెకు లేనిది తలుపున్న గది ఒక్కటే.

కిందటేడు మా ఆవిడ పోయింది.

నేను మళ్ళీ బడికి వచ్చాక మీరంతా ఒక్కొక్కరే పలకరించడానికి వచ్చారు. వచ్చినవాళ్ళకు ఆ చిన్న కుర్చీయే గతి. పరామర్శకు వచ్చిన పెద్దమనుషులు మోకాళ్ళు పట్టుకుని కూర్చుంటే, ఎవరు ఎవరిని ఓదార్చాలో తెలిసేది కాదు. డ్రిల్లు మాస్టారు కూర్చున్నారు గానీ లేవలేకపోయారు. ఆ మోకాలే. (నవ్వులు.) అందరూ మంచి మాటలే చెప్పారు. నేను అందరికీ 'ఊఁ' అన్నాను.

ప్రిన్సిపాల్ మేడం కూడా వచ్చారు. ఎనిమిదో తరగతి అల్లరిని వరండా ఆ చివర నుంచే అణచగల గొంతు ఆవిడది. వచ్చి, కూర్చుని, ఏమీ అనలేదు. చాలాసేపటికి ఒక్కటే అడిగారు.

"ఇంటికెళ్ళాక ఎవరితో మాట్లాడుతున్నారు?"

అడిగి, ఆగారు. ఆ రోజు నేను బడి గంట కొట్టేదాకా మాట్లాడాను. మేడం, మీరు మా చదువు చదవలేదు. ఆ గదే మీ చేత ఆ పని చేయించింది.

కాబట్టి అధ్యక్షుల వారిని సభాముఖంగా ఒక ప్రశ్న అడుగుతున్నాను. ఆ గది పరీక్ష పేపర్లకు ఇస్తారా, పిల్లలకు ఉంచుతారా?

అడిగాను. ఇక ఆగుతాను.

(నిశ్శబ్దం. వెనక వరసలో ఎవరో 'ఊఁ' అన్నారు. నవ్వులు. ప్రిన్సిపాల్ గారు కమిటీ పెద్దల వైపు చూశారు, వాళ్ళు కాగితాల వైపు చూశారు. ఆవిడ తన తాళాల గుత్తి నుంచి ఒక తాళంచెవి తీసి, కొత్త సైకాలజిస్టును పిలిచి చేతిలో పెట్టారు. "పేపర్లు నా గదిలో పెట్టుకుంటాను. ఆ కుర్చీలు మాత్రం కదపకండి" అన్నారు. చప్పట్లు.)

ఊఁ.

(నవ్వులు.)

ఇంకొక్క మాట. ఇంట్లో ఇప్పుడు నేను ఎంతసేపు ఆగినా అవతలి నుంచి మాట రాదు. అయినా సాయంత్రాలు అలవాటు కొద్దీ కాసేపు ఆగుతాను. ఇవాళ ఇంతమంది ముందు ఆగితే, ఒక మాట వచ్చింది. ఇంటికి వెళ్ళి చెప్పడానికి నాకొక సంగతి దొరికింది. ఇందుకు మేడంకు, కమిటీకి, మీ అందరికీ కృతజ్ఞతలు.

అమ్మాయీ, గది తలుపు కొంచెం బిగుసుకుంటుంది. పైకెత్తి నెట్టు.

సెలవు.