వదినగారి బూడిద మహిమ

"అమ్మమ్మా, మా నర్సరీలో పైన్ నారుకి బూడిదరంగు బూజు పట్టింది లా. తాత పనిచేసినప్పుడూ వచ్చిందా?"

వచ్చింది తల్లీ. ముందు మాట చివర ఆ మలాయ్ 'లా' తీసివేసి మాట్లాడు.

మీ తాతగారు సుంగై సుమున్ ఊళ్లో తోటపని విడిచి, కొండమీది అటవీ నర్సరీలో పనికి కుదిరిన కొత్తలు. అప్పట్లో బియ్యం ధర... సరే, అది వేరే కథ. నారు బతికితేనే ఆయన ఉద్యోగం, ఉద్యోగం ఉంటేనే మేముండే గది. వానలని చెప్పి మండోరు, అంటే కూలీలపై పెద్ద, ట్రేలన్నీ ఒకదానికొకటి ఆనించి పైన ప్లాస్టిక్ కప్పించాడు. గాలి ఆడలేదు. సూదుల్లాంటి ఆ ఆకులు అడుగున కుళ్లి, వాటిమీద బూడిదరంగు నూగు లేచింది.

అప్పుడు దిగింది మా వదిన, మీ తాతగారి అక్క. చూడగానే చేతులు జోడించింది. "ఓలమ్మో! అమ్మోరు ఇబూది సల్లినాదే!"

విభూతి అట! అమ్మవారికి మరి వేరే పని లేదు కాబోలు. సాయంత్రానికి ఆడవాళ్లందరూ కర్పూరం పట్టుకొని వచ్చారు. ఆ నూగును వేలితో అద్ది నుదుట రాసుకోవడం, అదే వేలితో పక్క ట్రేలోని మొక్కలను తాకి దండం పెట్టడం! మండోరూ చెంపలు వేసుకున్నాడు. నాలుగు అక్షరాలు వచ్చినవాడు... కాదులే, మూడే వచ్చుననుకుంటాను.

మీ తాతగారు బూజు పట్టిన మొక్కలు పీకబోతే వదిన అడ్డంగా కూర్చుంది. "పీకినావంటే నీ సేతులు పడిపోతాయిరా తమ్ముడా!"

"పని పోతే నీ అమ్మోరు కూడు పెడతాదేటి అక్కా?" అన్నారే కాని, అక్క ముందు ఆయన పిల్లి. చూస్తుండగానే ట్రే తరువాత ట్రే పాడైంది.

నేనే వెళ్లి మొదటి మొక్క పీకాను. "చేతులు పడిపోతే మీరే వండిపెట్టండి వదినగారూ" అన్నాను. ఆమె వంట తినే గతి నాకు పట్టకూడదని అమ్మవారు దయతలచింది కాబోలు, చేతులు నిలిచాయి. అప్పుడు మీ తాతగారికీ ధైర్యం వచ్చింది. ప్లాస్టిక్ లాగేశాము, ట్రేలు ఎడంగా జరిపాము, పట్టినవన్నీ కాల్చాము. సగానికి పైగా నారు దక్కింది, ఉద్యోగమూ దక్కింది.

మరి వదిన? మంట చల్లారగానే బిస్కెట్ల డబ్బా తెచ్చి ఆ బూడిద నింపుకుంది. "నా మొక్కుకే నారు బతికినాది" అంటూ బతికినన్నాళ్లూ పంచింది. నీ నామకరణం నాడు నీ నుదుట పెట్టినదీ అదే. నేనే తుడిచాను.

రేపే ట్రేలు జరుపు తల్లీ. నీ నారుకు గాలి ఆడాలి, నీ దరిదాపులకు మహిమలు చూసేవాళ్లు రాకూడదు. చల్లగా ఉండు.

ఆ డబ్బానా? ఉంది, దేవుడి అలమరలో. కళ్లెదుట ఉంటే ఆమె మీద కోపం చల్లారకుండా ఉంటుందని... అందుకేలే.